జిద్దా నుంచి ఐదు గంటలు

పంచరు వేసే రబ్బరు సొల్యూషన్ వాసన తగిలితే చాలు, నంద్యాలలో ఖాసీం అన్న సైకిల్ షాపు ముందు నిలబడినట్టే ఉంటుంది నాకు. బడి ముఖం పెద్దగా చూడని నన్ను పనిలో పెట్టుకుని, మధ్యాహ్నాలు గ్రంథాలయానికి తరిమిన మనిషి ఆయన. "చైన్లు ఎవురైనా బిగిస్తారు, పోయి చదువుకోప్పా" అనేవాడు.

ఎనభైలలో ఒక ఏడు ఆయన భార్య ఫాతిమా వదిన తన అన్నతో కలిసి హజ్‌కు పోయింది. తిరుగు ప్రయాణంలో, పొద్దున ఆరింటికి జిద్దాలో విమానం లేస్తుందని బొంబాయి బంధువు ముందురోజే కబురు చెప్పాడు. ఆమె బొంబాయిలో దిగగానే మా పక్క మెడికల్ షాపుకు ట్రంక్ కాల్ చేయిస్తానన్నాడు. ఎంతసేపు పడుతుందంటే తలా ఒక మాట చెప్పారు. చివరికి ఇద్దరం గ్రంథాలయంలోని గ్లోబు మీద దారం పరిచి, భూమి చుట్టుకొలతలో అది ఎన్నో వంతో చూసి మైళ్లు లెక్కకట్టాం. విమాన వేగంతో భాగిస్తే ఐదు గంటలు. అక్కడే పేపరు చదువుతున్న కాలేజీ లెక్చరరుకు వివరమంతా చెప్పి చూపించాం. "సరిగ్గానే ఉంది" అని మళ్లీ పేపర్లో తల దూర్చాడు.

మరుసటి రోజు పదకొండు దాటింది. ఫోను మోగలేదు. పన్నెండు కూడా దాటింది. మెడికల్ షాపు యజమాని రిసీవరెత్తి పనిచేస్తోందనే చెప్పాడు. ఖాసీం అన్న బిగించిన బ్రేకునే విప్పి మళ్లీ బిగిస్తున్నాడు.

"దారం వదులుగా పట్టుకుంటిమేమో."

"బిగించే పట్టుకున్యాం కదన్నా."

"సైకిలుకు ఎదురుగాలి ఉంటాది. దానికీ ఉంటాదేమో. కింద అంతా సముద్రమే కదప్పా."

రెండు దాటాక ఫోను మోగితే, తీయడానికి ఆయన చేయి రాలేదు. నేను తీసి ఆయన చెవికి ఆనించాను.

"ఇంతసేపూ యాడుంటివే?"

"విమానంలో. ఇంకా యాడుంటా? అన్నం తింటివా లేదా?"

సాయంత్రం లెక్చరరును అడిగితే నవ్వాడు. "అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆ మాత్రం తెలీదా?" తెలిసిన మనిషే మా లెక్క చూసి కూడా ఆ ఒక్క మాట చెప్పలేదు. ఆ కోపం నాకు నేటికీ చల్లారలేదు. ఖాసీం అన్న మాత్రం, "ఆయప్పకు బాగా తెలుసు. అందుకే చెప్పాలని తోచలేదు" అని ఊరుకున్నాడు.

ఊరికే ఊరుకోలేదని మరుసటి ఏడు తెలిసింది. ఆళ్లగడ్డలో ఒక ముసలాయన భార్య కొడుకుతో హజ్‌కు పోతోందని విని, షాపు మూసి నన్నూ బస్సెక్కించాడు. ఆ ఇంటి ముంగిట ఎండలో బత్తాయి తిప్పుతూ, సూర్యుడు ముందు మనకు, తర్వాత జిద్దాకు ఎట్లా కనబడతాడో చెప్పాడు. ముసలాయన మూడోసారి కూడా, "అయితే ఆమె ఎప్పుడు దిగుతాదప్పా?" అన్నాడు. నేను విసుగ్గా నాలుక చప్పరించాను.

"నువ్వు పోయి బయట కూర్చోప్పా" అన్నాడు ఖాసీం అన్న, నా వైపు చూడకుండానే.

వీధిలో కూర్చున్నాను. ఆయన బత్తాయి తీసుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం వినబడింది. ఇప్పుడు ఎవరైనా భయంతో నన్నేదైనా అడిగితే, నేనూ మొదటి నుంచే చెబుతాను. మా ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.