చట్టం వచ్చింది, వార్డర్లు రాలేదు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఓవర్సీరు పరీక్ష ప్యాసైన కొత్తలో, నన్ను చిత్తూరులో ఒక జైలు మరమ్మతులకు వేశారు. ముందు పైకప్పు, తర్వాత ప్రహరీ, చివర మురుగు కాలువ. బస వార్డర్ల ఇళ్ల వరుసలో. సైన్యంలో చేరిన వార్డర్లు తిరిగి రాలేదు గనుక ఆ ఇళ్లకు తాళాలే. మనుషులున్నవి రెండు: నాదీ, పక్కనున్న వార్డరుదీ. సాయంత్రాలు మాట్లాడడానికి నాకు అతనొక్కడే.

అతని భార్య తొలికాన్పుకు వడమాలపేటలోని పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. ఐదో నెలలో తండ్రే వెళ్లి తల్లినీ బిడ్డనూ తీసుకురావడం వాళ్ల ఆనవాయితీ. ఉయ్యాల కోసం దూలానికి కొక్కెం నేనే బిగించి, పట్టుకుని వేలాడి చూశాను.

"నా కూతురు నీయంత ఉండాదనుకుంటివా అబ్బా?" అని నవ్వాడు.

మనుషులు చాలక, నడవడి బాగున్న ఖైదీలకు బెల్టు కట్టి లోపలి కాపలా అప్పగించేవారు. ఒక ముసలి ఖైదీని తన చోట నిలబెట్టి ఊరికి పోవాలని వార్డరు అనుకుంటుండగా మద్రాసు నుంచి చట్టం వచ్చింది. ఖైదీలకు ఖైదీలు కాపలా ఉండరాదు; ఖాళీల్లో జీతానికి వార్డర్లను నియమించాలి.

"సట్టమే వచ్చినాక ఇంకేమబ్బా! కొత్తోళ్లు వస్తారు, నేను పోయి బిడ్డను ఎత్తుకొస్తా."

మొదటి అంశం ఆ రోజే అమలైంది. ముసలి ఖైదీ బెల్టు విప్పించారు. రెండోదానికి మనుషులు రావాలి. చట్టం మంచిదే, బెల్టువాళ్ల చేతి దెబ్బల గుర్తులు నేను చూశాను. కానీ వరుస తప్పింది. కప్పు విప్పేశాక పెంకులకు కబురు పెట్టినట్టయింది.

వార్డరు సెలవడిగినప్పుడల్లా జైలరు, "కొత్తోళ్లు రానీ" అనేవాడు. గేటు దగ్గర నేను నిలబడతానన్నా ఒప్పుకోలేదు.

ఐదో నెల దాటాక ఒక మధ్యాహ్నం అతని అత్తగారు తల్లినీ బిడ్డనూ వెంటబెట్టుకుని బస్సు దిగింది. గేటు వదలకూడదు గనుక వార్డరు అందులోని చిన్న దిడ్డి తలుపు తెరిచి చేతులు చాచాడు. బిడ్డ ఖాకీ చొక్కా చూసి గుక్కపట్టింది.

లోపల చెత్త ఊడుస్తున్న ముసలి ఖైదీ అరిచాడు: "ఏమబ్బా, నీకూ ములాఖత్తేనా?"

వార్డరూ నవ్వాడు. తర్వాత భార్యతో, "వచ్చినావు కదా, ఉండిపో" అన్నాడు.

ఆమె తన తల్లి వైపు చూసింది.

"అట్లెట్ల?" అంది అత్తగారు. "నువ్వొచ్చి పిలుచుకోని పోవల్ల. మేమే తెచ్చి దింపితే ఊర్లో ఏమంటారు?"

"రాలేకపోతే?"

"వచ్చిందాకా ఆడ్నే ఉంటాది."

తిరుగు బస్సుకు వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అతనింట్లో సంగటి తింటుంటే అతను పైన దూలానికున్న కొక్కెం వైపు చూసి, "ఊరికే ఉంటే తుప్పు పడుతుందేమబ్బా అది?" అన్నాడు. వానల్లో పడుతుందన్నాను. బల్లెక్కి, నూనె గుడ్డతో దాన్ని తుడిచాను.

కాలువ పని ముగిసి నన్ను ఏర్పేడు పంపేనాటికీ కొత్తవాళ్లు రాలేదు. నా ఇంటికీ తాళం వేసి, తాళంచెవి అతని చేతికిచ్చాను.