మా నాయన చూసిన శనిగ్రహం

దయ్యాలు, ఆత్మలు, అద్భుతాలు, వీటిలో ఒక్కదాన్నీ నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇది చెప్పినందుకు నన్ను కూడా నమ్మేవాళ్ల గుంపులో కలిపేసుకుందామని చూసేవాళ్లకు ముందే చెబుతున్నాను, నేను కలవను.

తొంభైల మధ్యలో నేను ఖగోళశాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మాది నాచారం. మా నాయన జనగామ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో వెల్డింగ్ పనికి కుదిరాడు. నేను ఇంటర్లో ఉండగా ఆయన చూపు తగ్గడం మొదలైంది. డిగ్రీ అయ్యేసరికి పూర్తిగా పోయింది. కంటి దవాఖానాలో టార్చి కొట్టి చూసి, నరం చచ్చిపోయిందమ్మా, వెలుగు కూడా తెలియదు అన్నారు. అప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే.

చలికాలంలో మా డిపార్ట్‌మెంటు వాళ్లు బస్తీల్లోకి టెలిస్కోపు తీసుకెళ్లి జనానికి ఆకాశం చూపించేవాళ్లు. ఆ ఏడు ఉప్పల్ చౌరస్తాకి ఇవతల ఒక స్కూలు గ్రౌండులో పెట్టారు. పొద్దు గూకగానే జనం లైను కట్టేవాళ్లు. చూపించేది శని అని తెలియగానే కొందరు చెప్పులు విడిచి, దండం పెట్టుకుని మరీ కన్ను పెట్టేవాళ్లు. నాకు నవ్వొచ్చేది గానీ పైకి తేలనిచ్చేదాన్ని కాదు.

మా ప్రొఫెసర్ ఒక పద్ధతి పెట్టాడు. మనవాళ్లకు మర్యాద ఎక్కువ. ఏమీ కనబడకపోయినా, పాపం ఇంత కష్టపడి చూపిస్తున్నారు కదా అని, కనబడింది, మస్తుంది అనేసి పోతారు. అందుకని చూసిన ప్రతివాళ్లనీ ఏం కనబడిందో అడగాలి. చెప్పలేకపోతే మళ్లీ చూపించాలి. ఆ అడిగే పని నాది.

ఇంకో పద్ధతి మూతది. నాచారం ఫ్యాక్టరీల మసి గాలికి అటే వచ్చేది. మబ్బు అడ్డం వస్తే చాలు, టెలిస్కోపు గొట్టం మూతికి మూత బిగించేసేవాళ్లం. మబ్బు పోయాక తీసేవాళ్లం. కన్ను పెట్టే చోటు పక్కన ఉంటుంది, మూత ఎక్కడో పైన ఉంటుంది కాబట్టి చీకట్లో అది ఉందో లేదో తెలిసేది కాదు.

ఆ రోజుల్లో నాకూ మా నాయనకూ మాటల్లేవు. నాకు పీహెచ్‌డీ సీటు వచ్చింది. చేరితే రాత్రిళ్లు ఊరి బయట అబ్జర్వేటరీలో ఉండాలి. ఆడపిల్ల రాత్రిళ్లు బయట ఉండే చదువు ఏం చదువని ఆయన, చదివితే అదే చదువుతానని నేను. ఇద్దరం మొండివాళ్లమే. మధ్యలో మా అమ్మ నలిగిపోయింది. ఆఖరికి ఆయన చర్చి వాళ్లతో మాట్లాడి ఒక మిషన్ స్కూల్లో నాకు టీచరు ఉద్యోగం ఖాయం చేశాడు. సోమవారం చేరాలి. దానికి ముందు శుక్రవారం, గ్రౌండులో నాకు అదే చివరి రోజు అనుకున్నాను.

ఆ సాయంత్రం కాసేపు మబ్బు పట్టి విడిచింది. మళ్లీ లైను కదిలే సమయానికి గేటు దగ్గర మా నాయన కనబడ్డాడు. మా మేనమామ చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. నన్ను ఇంటికి లాక్కుపోవడానికే వచ్చారనుకున్నాను. అందరి ముందూ గొడవ చేస్తాడేమోనని భయపడ్డాను.

ఆయన గొడవేం చేయలేదు. "ఏం సూపిస్తున్నవో నాగ్గూడ జర సూపియ్యి" అన్నాడు. లైనులో వాళ్లు జరిగి దారిచ్చారు.

నీకు కనబడదు నాయినా అని అంతమందిలో ఎలా అంటాను? ఆయన తల పట్టుకుని కన్ను టెలిస్కోపుకు సరిగ్గా ఆనించాను. ఆయన అలాగే వంగి నిలబడ్డాడు. ఏం కనబడింది అని అడిగాను. రోజూ అడిగి అడిగి నోటికి అలవాటైన మాట, ఆపుకునేలోపే వచ్చేసింది.

"గుండ్రంగ ఉంది. పసుపుపచ్చగ. నడుమ కడ్డీ గుచ్చినట్టు సన్నటి గీత" అన్నాడు. కాసేపాగి, "పక్కకు చిన్న సుక్కున్నది. దానికి ఆనింది. పోయింది, ఎన్కకు పోయింది" అన్నాడు.

నా చదువును ఎగతాళి చేస్తున్నాడని ఒళ్లు మండింది. ఆయన్ని పక్కకు జరిపి తర్వాతి ఆవిడను పిలిచాను. బోడుప్పల్ నుంచి వచ్చిన ఆవిడ. అంతా చీకటే ఉంది మేడం అంది. ఆవిడ వెనకాయన కూడా అదే మాట. నేను కన్ను పెట్టాను. చీకటే. తడిమి చూస్తే గొట్టానికి మూత బిగించే ఉంది. మబ్బు పోయాక తీయడం అందరం మరిచిపోయాం.

మూత తీసి చూశాను. శని ఉంది, గీత ఉంది. పక్కన చుక్క లేదు.

ఆ గీత సంగతి చెప్పాలి. పదిహేనేళ్లకోసారి శని వలయం అంచు మనవైపు తిరుగుతుంది. అప్పుడది ఫొటోల్లోలాగా ఉంగరంలా కాకుండా గీతలా కనబడుతుంది. లైనులో వాళ్లంతా దాని గురించే గొణుక్కుంటున్నారు. మా నాయన అది విని ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ చుక్క? అది శనికున్న పెద్ద ఉపగ్రహం. మబ్బుకు ముందు పక్కనే ఉండటం నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు. అది వెనక్కి పోతుందని నాకే తెలియదు. మర్నాడు మా ప్రొఫెసర్ లెక్క కట్టి, సుమారుగా ఆ వేళకే అది గ్రహం వెనక్కి పోయి ఉండాలన్నాడు. ఈ విషయం బయట చెప్పకమ్మా అని కూడా అన్నాడు.

ఆ రోజు ఆటోలో ఇంటికి పోతూ, నాచారం మలుపు దగ్గర మా నాయన అన్నాడు, "సోమవారం బడికి పోకు. నీ సదువు నువ్వు సదువుకో." నేను ఏడ్చేశాను. మా మామ అటు తిరిగి కూర్చున్నాడు.

మామ ద్వారా సంగతి చర్చిలో పాకింది. అద్భుతం జరిగింది, వచ్చి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు ఇంటికే వచ్చారు. మా నాయన చర్చి మానని మనిషి, అయినా లేవలేదు. "నేను దేవున్ని సూడలే అయ్యగారూ, గ్రహాన్ని సూసిన" అన్నాడు. అటు నా క్లాసువాళ్లేమో ముసలాయన నాటకమాడాడని తేల్చారు. వాళ్లలో ఇద్దరితో నేను మళ్లీ మాట్లాడలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. అబ్జర్వేటరీలో పనిచేసిన కాలంలో, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు, శని మీదికి తిప్పిన టెలిస్కోపుకు మూత బిగించి నేనూ కన్ను పెట్టి చూశాను. ఒకసారి కాదు. ప్రతిసారీ చీకటే.

ఎలా జరిగిందో నాకు తెలియదు, తెలియదని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. కానీ మా నాయన అబద్ధం చెప్పాడని మాత్రం నాచేత ఎవరూ అనిపించలేరు.