మేకప్ అవసరం లేని ముఖం

సినిమా హాళ్ల ముందు పబ్లిక్ టాక్ తీసుకోవడం నా ఉద్యోగం. ఆట ముగిసే వేళకు గేటు బయట నిలబడి, వచ్చేవాళ్ల నోటికి మైకు అందించి, చిత్రం ఎలా ఉందని అడగాలి. వాళ్లు చెప్పింది ఫోనులో తీసి, కత్తిరించి, యూట్యూబ్ ఛానల్‌కు పంపాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. అందువల్ల ఆ ఒక్క ప్రశ్ననైనా పద్ధతిగా అడిగేవాణ్ని: "చిత్రంపై మీ అభిప్రాయం తెలియజేస్తారా?" సూర్యాపేట కుర్రవాళ్లకు ఆ మాట వింటేనే నవ్వు. "అభిప్రాయమంట రా! సారు పదో తరగతి పేపరిస్తుండు, రాయుర్రి" అనేవాళ్లు.

ఆ వారం విడుదలైంది ఒక దయ్యం సినిమా. కథంతా మూతబడిన సినిమా హాలులోనే నడుస్తుంది. చనిపోయిన గేట్‌మన్ ఒకడు రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. తెలియక లోపలికి వచ్చినవాళ్ల ముఖంలోకి తేరిపార చూసి టికెట్ చింపుతాడు. అతను చింపిన టికెట్ ఎవరిదో వాళ్లు ఆట ముగిసేలోగా చనిపోతారు. ఆ గేట్‌మన్‌గా కనిపించినవాడు మా నాయిన.

నేను పుట్టకముందు నుంచీ నాయిన మిర్యాలగూడలోని ఒక పాత హాలులో గేటు దగ్గర పనిచేశాడు. మా వేములపల్లి నుంచి సైకిల్ మీద వెళ్లేవాడు. హాలు మూతబడిన ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కోలుకున్నాయి గానీ మూతి ఎడమవైపుకు జారి అలాగే ఉండిపోయింది. ఎడమ కన్ను పూర్తిగా మూయలేడు. మాట ముద్దగా వస్తుంది. సినిమావాళ్లు షూటింగుకు ఆ హాలును తీసుకున్నప్పుడు, తలుపుల సంగతి తెలిసిన మనిషని నాయినను పిలిపించారు. డైరెక్టర్ ఆయన ముఖం వంక కాసేపు చూసి, ఆ వేషానికి అనుకున్న నటుణ్ని వెనక్కి పంపేశాడట. మేకప్ మనిషి పెట్టె తెరవబోతే, "ఈయనకు అవసరం లేదు" అన్నాడట.

నాయిన దాన్ని పొగడ్త అనుకున్నాడు. చాయ్ హోటల్లో, బస్సులో, దవాఖాన వరుసలో, ఎక్కడ మనిషి దొరికితే అక్కడ చెప్పేవాడు. "అందరికి గంట గంట పూసిండ్రు. నాకు మాత్రం ఏం పూయలే. అవసరమే లేదన్నరు." విన్నవాళ్లు తలలు తిప్పుకొని నవ్వుకునేవాళ్లు. నేను వివరించలేదు. ఆ మాటకు అర్థం చెప్పగలిగినంత చదువు ఆ ఇంట్లో నాకొక్కడికే ఉంది.

విడుదల రోజు నేను బయలుదేరుతుంటే నాయిన గడప దాకా వచ్చాడు.

"సిన్మా గురించి అందరడుగుతరు. నువ్వు నా గురించి అడుగు. నా యాక్టింగ్ ఎట్లున్నదో మంచిగ అడిగి, ఉన్నదున్నట్టు చెప్పాలె."

సూర్యాపేటలో ఉదయం ఆట వదిలారు. నేను అడిగాను.

"కథ లేదు, ఏం లేదు. ఇంటర్వెల్ దాంక నిద్రపోయిన. గా గేటు ముసలోడు రాంగనే కూల్‌డ్రింక్ గొంతులనే ఆగింది."

"గా మూతి రబ్బరుదన్నా. జర గమ్ము ఊడినట్టుంది, ఎడమ దిక్కు యాలాడుతుంది."

"ఏం మాట్లాడుతుండో ఒక్క ముక్క తెలుస్తలేదు. బుక్కెడు బిర్యానీ నోట్లె పెట్టుకొని డబ్బింగ్ చెప్పిండు కావొచ్చు."

ఆ మాటన్న యువకుడు తన మూతిని ఎడమ పక్కకు వంకర తిప్పి, కన్ను సగం మూసి, గాలిలో టికెట్ చింపి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు పడిపడి నవ్వారు. ఆ సమయానికి నా ఫోను పక్కకు జరిగి ఉంది. "దయచేసి మరొకసారి చేసి చూపగలరా?" అని అడిగాను. అతను మరింత బాగా చేశాడు.

మధ్యాహ్నం ఆటకు కోదాడ చేరుకున్నాను. అక్కడివాళ్లు మర్యాదగా మాట్లాడారు.

"ఏముందండీ, పాత కథే. ఆ దెయ్యం మాత్రం సూపరండీ. చూడంగానే భయమేసిద్ది, కాసేపటికి నవ్వొచ్చిద్ది."

చంకలో పిల్లవాడున్న ఒకావిడ తన ఫోను నాకు చూపించింది. తెర మీది నాయిన ముఖాన్ని ఫొటో తీసుకుంది. "మావాడు అన్నం తినడండీ. ఇక రోజూ ఈ తాతని చూపిస్తా, గబగబా తినేస్తాడు."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయిన స్నానం చేసి, అరుగు మీద నా కోసం కూర్చొని ఉన్నాడు.

"ఏమన్నరు?"

"అందరూ భయపడ్డారు నాయినా. నీ గురించే ఎక్కువ మాట్లాడారు."

రెండూ నిజాలే. ఆలోచించి, అబద్ధం లేకుండా కూర్చిన వాక్యాలు.  "మేకప్ లేకుంటనే!" అన్నాడు నాయిన.

ఆ రెండు వాక్యాలే మరునాడు ఆయన్ను మిర్యాలగూడకు రప్పించాయి. శనివారం అక్కడ నడుస్తున్న మరో హాలులో ఉదయం ఆట ముగిసి తలుపులు తెరిచారు. నేను మైకుతో సిద్ధంగా ఉన్నాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో నాయిన అందరికంటే ముందు బయటికి వచ్చి, గేటు పక్కన, గేట్‌మన్ నిలబడే చోటే నిలబడ్డాడు. జనం తనను గుర్తుపట్టాలని నిలబడ్డాడు. వాళ్లు గుర్తుపట్టారు.

"అరే, దయ్యం రా!"

"తాతా, ఇంక మొఖం కడుక్కోలేదా?"

నాయిన ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు, ఒక్కొక్క మాటా పట్టి పట్టి పలికాడు. "మేకప్ లేదు బిడ్డా. నాది గిదే మొఖం."

నవ్వు ఒక్క క్షణం ఆగింది. గుంపులో ఒకడు ముందుకొచ్చి, నాయిన ఎడమ చెంపను రెండు వేళ్లతో పట్టి లాగాడు. "నిజమే రా! రబ్బరు గాదు, తోలే!" ఈసారి నవ్వు ఆగలేదు. వెనక ఉన్నవాళ్లు చూడడానికి ముందుకు తోసుకొచ్చారు. ఫోనులు పైకి లేచాయి. వాటిలో నాది అందరికంటే దగ్గరగా ఉంది.

నాయిన నన్ను చూశాడు. చెంప లాగినవాడు ఆ చూపు గమనించి నావైపు తిరిగాడు.

"అన్నా, గీ తాత నీకెరికేనా?"

"లేదు. నేను ఛానల్ తరఫున వచ్చాను" అన్నాను.  ఆపైన, చేయాల్సిన పని అదే కనుక, నాయిన నోటి దగ్గర మైకు పెట్టాను. "చిత్రంపై మీ అభిప్రాయం తెలియజేస్తారా?"

ఆయన చొక్కా అంచు సర్దుకున్నాడు.

"బాగున్నది సార్" అన్నాడు. "ఒక్క తప్పున్నది. గేటుకాడ నిలబడ్డోడు మొఖం సూడడు సార్, చెయ్యి సూస్తడు. టికెట్ చేతిలుంటది గద. మొఖం సూస్తే పరేషానే. తాగినోడుంటడు, ఏడ్సినోడుంటడు, ఇంట్ల చెప్పకుంట వచ్చిన మన సుట్టమే ఉంటడు. సూసినమంటే ఆపాలె. అందుకే సూడం. సిన్మాల నన్ను అందరి మొఖాలు సూడుమన్నరు. గది తప్పు సార్."

మొత్తం రికార్డయింది. దాన్ని పంపితే ఛానల్ యజమాని ఫోన్ చేశాడు. "ముసలాయన మాట ఎవరికీ అర్థం కాదు, తీసెయ్. చెంప లాగింది మొదట పెట్టు." అలాగే చేశాను. దాని తర్వాత సూర్యాపేట యువకుడి వంకర మూతి పెట్టాను. అయితే వాటన్నిటికంటే ముందు, ఎవరూ చెప్పకుండానే, "లేదు" అన్న నా గొంతును కత్తిరించాను. నేను తీసినవాటిలో అంతమంది చూసింది మరొకటి లేదు.

ఆదివారం నాయిన ఆ వీడియోను నా ఫోనులో మొదటి నుంచి చివరిదాకా చూశాడు. అయిపోయాక కూడా తెర వంకే చూస్తూ కూర్చున్నాడు.

"నేను చెప్పింది రాలే?"

"నిడివి ఎక్కువైంది నాయినా."

ఆయన తలూపి ఫోను తిరిగి ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు నా చేతినే చూశాడు. ఆ రోజు నుంచి కంచం అందుకున్నా, మందు బిళ్ల అందుకున్నా అంతే, నా చేతినే చూస్తాడు.