గంధం బొట్టు పెట్టిన డిస్కు

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటినాక. నేర్పింది మా కోడలు. విజయదశమి రోజు పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని 'అ' రాయించింది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నవ్వుకోనీ.

ఆ తర్వాతి ఏడు విజయదశమికి కోవిల్‌పట్టిలో కంప్యూటర్ సెంటర్ తెరుస్తానని ఆమె అన్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు. సాత్తూరు అగ్గిపెట్టెల కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం మానేసి మరీ దిగింది. మా తమిళనాడు వైపు పిల్లలను చదువులో చేర్చేది ఆ రోజే. ఆ పొద్దున మిషన్లు లేవకపోతే తల్లిదండ్రులు బిడ్డల చెయ్యి పట్టుకుని పక్క వీధి సెంటర్‌కు పోతారు. పోయినవాళ్ళు మళ్ళీ రారు.

పాత కంప్యూటర్లు ఎనిమిది కొన్నది. ఒక్కొక్కదానిలో అన్నీ మొదటినుంచి ఎక్కించాలంటే రోజులు పడుతుంది. విరుదునగర్‌లో ఆమె అక్కకు ఇలాంటి సెంటరే ఉంది. పాఠాలూ టైపింగూ లెక్కల ప్రోగ్రామూ అన్నీ సర్దిన మిషన్ ఒకటి అక్కడుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఒక డిస్కులోకి తీస్తారు. దాని పేరు ఇమేజ్. ఆ డిస్కు నుంచి ఎన్ని మిషన్లలోకైనా దించుకోవచ్చు. ఒక ఇంటి పెరుగుతో ఎనిమిది ఇళ్ళ పాలు తోడు వేసినట్టు.

సరస్వతి పూజ నాడు కోడలు ఇక్కడ కరెంటు తీగలు వేయిస్తుంటే, డిస్కు తేవడానికి పొద్దున్నే నేను విరుదునగర్ పోయాను. అక్క తీసి పెట్టిన డిస్కు అప్పటికే పూజలో ఉంది. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు మళ్ళీ పూజ చేసేదాకా ఎవరూ ముట్టరు. అక్క మీద అధికారమంతా చూపించే ఆమె అత్తగారు వాకిట్లోనే నన్ను ఆపింది.

"వదినె, సామి ముందర పెట్టింది ఎట్ల ఎత్తేది? రేపు రా."

"రేపు పిల్లోళ్ళు వచ్చి కూసుంటారు. సరస్వతికి కోపం వస్తే నా మీదకు రానీ. తియ్యి."

సణుగుతూ తీసింది. కొంగులో చుట్టి ఒడిలో పెట్టుకుని బస్సెక్కాను. సాత్తూరు స్టాండులో కరకరలాడే కారసేవు పొట్లం కిటికీలోంచి ముక్కు దాకా వచ్చినా డిస్కు మీంచి చేతులు తీయలేదు.

మధ్యాహ్నం కోడలు మొదటి మిషన్‌కు డిస్కు తగిలించింది. తెర మీద పచ్చగీత సగం దాకా పాకి ఆగిపోయింది. ఇమేజ్ చదవలేకపోతున్నానని మిషన్ చెబుతోందట.

"అత్తా, ఇమేజే చెడినట్టు ఉండాది."

"అయితే ఇంకొకటి తియ్యమను మీ అక్కను."

ఫోన్ చేసింది. అక్క గొంతు నీరసంగా వినబడింది. "మిషన్‌కు మాల వేసి ఉండాము పాపా. రేపు దాకా మా అత్త దాన్ని ఆన్ చేయనియ్యదు. డిస్కు ఇచ్చిందే ఎక్కువ."

వెనకనుంచి అత్తగారు అందుకుంది. "నేను చెప్పలే? పూజలోంచి ఎత్తితే ఇట్లనే అవుతాది!"

"ఊరికే ఉండు వదినె," అన్నాను. "చదువుల తల్లి చదువు చెప్పే మిషన్ను చెడగొడతాదా? ఆమెకు వేరే పని లేదా?"

అన్నానే కాని, ఫోన్ పెట్టేశాక డిస్కు వంకే చూశాను. ఉన్నది ఆ ఒక్క డిస్కే.

కోడలు ఏడవలేదు. రెండో మిషన్‌కు తగిలించింది. గీత కొంచెం పాకి ఆగింది. మళ్ళీ మొదటిదానికి తగిలిస్తే ఈసారి చివరి దాకా పోయినట్టే పోయి ఆగింది. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"అత్తా, ఇమేజ్ చెడి ఉంటే ప్రతిసారీ ఒకే చోట నిలవాల. ఇది ఒక్కోసారి ఒక్కో చోట నిలుస్తా ఉండాది. లోపల చెడలేదు."

తీగ మార్చింది. అదే తీరు. డిస్కు దగ్గర తీగను కాస్త కదిలించగానే గీత టక్కున ఆగింది. మళ్ళీ ఫోన్.

"అక్కా, డిస్కు కింద పడిందా? నిజం చెప్పు."

"అయ్యో, లేదు. సామి ముందర పెట్టి, సందనం కుంకం పెడితిమి. అంతే."

"ఎక్కడ పెట్టినావు?"

"ఎక్కడ ఏమి? నాలుగు పక్కలా. రొంబ బాగా పెట్టినా."

ఆ నాలుగు పక్కల్లో ఒక పక్కన తీగ దూర్చే సందు ఉంది. కోడలు ఫోన్ లైటు వేసి చూసింది. సందు నిండా ఎండిన గంధం. రెండు తీగల కొనలకూ అదే అంటుకుని ఉంది. ఆమె నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు.

మందుల షాపు నుంచి స్పిరిట్, కొత్త పళ్ళ బ్రష్ తెప్పించాం. "నీ డిస్కుకు పండ్లు తోముతా ఉండాము," అని ఫోన్లో చెప్పాను. అవతల అత్తగారు ఫోన్ అక్క చేతిలో పెట్టి పోయింది. 

స్పిరిట్ బాగా ఆరినాక, ఇమేజ్ మొత్తం బాగుందా లేదా అని కోడలు ముందు పరీక్ష పెట్టింది. గీత చివరిదాకా పోయింది.

"ఈ పరీక్ష ముందే పెట్టి ఉండచ్చు గదా?"

"పెట్టి ఉండచ్చు అత్తా."

"నన్నయితే 'అ' వంకరపోయిందని దిద్దించి దిద్దించి చంపినావు."

ఇమేజ్ దించితే మొదటి మిషన్ నిండింది గాని లేవలేదు. నల్ల తెర. ఈసారి కోడలు బెదరలేదు. మిషన్ లేవడానికి పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండున్నాయట. అక్క మిషన్ కొత్త పద్ధతిది, ఇవి పాతదానికి అమర్చినవి. సెట్టింగ్ మార్చగానే లేచింది. మిగతావి కూడా ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. తీరా చూస్తే ఎనిమిదింటికీ అక్క మిషన్ పేరే. అట్లా ఉంటే ఒకదానితో ఒకటి గొడవ పడతాయని, వేరే పేర్లు చెప్పమంది. మా ఇంట్లో ఒకప్పుడున్న ఎద్దుల పేర్లు చెప్పాను.

"ఎద్దుల పేర్లా?"

"ఈడిస్తాయి గదా. పెట్టు."

దీపాలు పెట్టే వేళకు అన్నీ లేచాయి. అప్పటిదాకా మూత తీయని శనగ గుగ్గిళ్ళ గిన్నె ఇద్దరం ఖాళీ చేశాం. అంత రుచిగా ఎప్పుడూ వండలేదేమో అనిపించింది. ఉప్పు తక్కువే.

మరునాడు పొద్దున పిల్లలు రాకముందే కోడలు గంధం గిన్నె పట్టుకుని పూజకు నిలబడింది. మిషన్లకు వద్దు, బల్ల కాళ్ళకు పెట్టుకోమన్నాను. పూజ అయ్యేదాకా డిస్కును నేనే ఒడిలో పెట్టుకుని, కొంగు కప్పి కూర్చున్నాను. గుమ్మంలో చిన్న చెప్పులు ఒక్కో జతా చేరుతుంటే కూడా కోడలి చేతికి ఇవ్వలేదు.