పారబోయని ముర్రుపాలు

అక్క రెండో కాన్పు పొందూరులో మా ఇంట్లోనే అయింది. అరవైల చివరి మాట. నేను అప్పుడు రోజూ బస్సులో శ్రీకాకుళం వెళ్ళి బి.ఎస్సీ. చదువుతున్నాను. అక్క మొదటి బిడ్డ, ఆడపిల్ల, నెల తిరక్కుండానే విరేచనాలు పట్టుకుని పోయింది. అందుకే మగపిల్లవాడు పుట్టాడన్న సంతోషం కన్నా, వీడైనా దక్కుతాడా అన్న భయమే ఇంట్లో ఎక్కువగా ఉండేది. పైకి ఎవరూ అనేవారు కాదు.

మా వైపు తొలిపాలు బిడ్డకు పట్టరు. చిక్కగా, పచ్చగా వచ్చే ఆ ముర్రుపాలు పిండి పారబోసి, మూడోనాటిదాకా పంచదార నీళ్ళూ ఆముదం చుక్కా నాకిస్తారు. మొదటి బిడ్డకూ అంతే చేశారు.

ఆ మధ్యనే మా లెక్చరరు గారు సూక్ష్మదర్శినిలో పేగు గోడ చూపించారు. లోపలి పొర ఒకే ఒక్క వరస కణాలు. దాని కింద అక్కడక్కడ తెల్లకణాల గుంపులు. ఆ వరస కణాలు తిండి పీల్చుకుని ఊరుకోవనీ, కింది తెల్లకణాలతో కలిసి దేన్ని రానివ్వాలో దేన్ని ఆపాలో చూస్తాయనీ, రక్తంతో పని లేకుండా పేగుకు సొంత కాపుదల ఉందని ఇప్పుడిప్పుడే తెలుస్తోందనీ చెప్పారు. పసిబిడ్డలో అది కుదురుకోవడానికి కొంతకాలం పడుతుందట. అందాకా తల్లి తొలిపాలు ఆ పొరను కాస్తాయట.

మామ్మ, అంటే మా నాన్న తల్లి, ముర్రుపాలు పిండడానికి గిన్నె కోసం వెళ్ళినప్పుడు ఈ సంగతి అక్క చెవిలో చెప్పాను.

"నిజమేనేటే? నువ్వు సూసేవా?"

"పేగు సూసేను. పాల సంగతి మేష్టారు సెప్పేరు."

"మంచీ సెడ్డా ఆ పొరకి ఎలా తెలుస్తాదే?"

మా ఊళ్ళో నూలు వడికేవాళ్ళు చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. మామ్మ పనీ అదే. "మామ్మ దువ్వితే నలక ఆగిపోయి దూది వస్తాది కదా, అలగనుకో" అన్నాను.

"నా సేప దవడ గుంటడి కడుపులోకి ఎప్పుడెల్లిందే?" మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "సీములాటి పాలు పోస్తే ఆడు అరిగించుకుంటాడేటి?"

అక్కే మాట్లాడింది.

"మామ్మా, మొదటిదానికి నువ్వు సెప్పినట్టే సేసేం."

"నేను సంపేనంటావేటే?"

"అన్లేదు. ఈడికి ఇంకోలా సేస్తానంటన్నాను."

మామ్మ మొహం చూడలేకపోయాను. అయినా ఇప్పుడు మాట్లాడకపోతే అక్క ఒంటరిదైపోతుందనిపించింది. "ఆవు ఈనితే ముందు దూడని వదలమని నువ్వే కదా నాన్నని కేకలేస్తావు, మామ్మా?" అన్నాను, నేల చూస్తూ.

"దూడా గుంటడూ ఒకటేటే!" అంది గాని, మామ్మ గొంతు తగ్గింది. కాసేపు బిడ్డకేసి చూసింది. "పట్టండి. ఆడికేటైనా అయితే ఇద్దర్నీ వదల్ను." గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వాడు ఆత్రంగా తాగాడు. ఆ తరవాత ప్రతి సాయంత్రం బస్సు దిగి, ఇంటికి వస్తూనే ముందు అక్క మొహం చూసేదాన్ని. మధ్యలో ఒకసారి వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రెండు రోజులూ నేను కాలేజీకి వెళ్ళలేదు. మామ్మ నాతో మాట్లాడలేదు. మూడోనాడు వాటంతట అవే కట్టాయి. తగ్గింది ముర్రుపాల వల్లేనని ఒక్క బిడ్డను చూసి చెప్పలేనని నాకూ తెలుసు.

నెల దాటాక ఒక ఉదయం, మామ్మ కాళ్ళు చాపుకుని వాణ్ణి వాటి మీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. వాడు ఊరంతా వినబడేలా ఏడుస్తున్నాడు.

"ఏడవరా, ఏడు! మీ పిన్ని పాటం సెప్పిన పొట్టే కదా, ఎంత బలమున్నాదో సూడనీ" అంది మామ్మ.

అక్క తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది. "ఒసే, ఈడికి ఏ పేరు పెడదామే?" అని నన్ను అడిగింది. బిడ్డ పేరు మాట మా ఇంట్లో ఎవరైనా ఎత్తడం అదే మొదలు.