జనవరి ఒకటిన ఓజెల్లా పెట్టిన ఉతుకు

అలబామాలో మా నల్లవాళ్ళ ఇళ్ళలో కొత్త సంవత్సరం మొదటి రోజున ఎవరూ బట్టలు తడపరు. తడిపితే ఆ నీళ్ళతో పాటు ఇంటి మనిషి ఒకరు కొట్టుకుపోతారని నమ్మకం. పసిపిల్ల గుడ్డలు కూడా మూలన పడేసి మర్నాడే ఉతుకుతారు. అలాంటి రోజున ఓజెల్లా పెరట్లో నుంచి పొగ లేచింది.

ఓజెల్లాది బట్టలుతికే పని. తల్లి నుంచి ఆమెకు మిగిలింది మూడు కాళ్ళ ఇనప కాగు, బట్టలు బాదే మొద్దు, చేతిపని. హికరీ కట్టెల బూడిద వడగట్టి సబ్బు తనే కాచుకునేది. ఆమె ఉతికిన చొక్కా కాలర్ మడతలో మురికి గీత కనిపించేది కాదు. అందుకే ఊళ్ళో పెద్ద తెల్లవాళ్ళ బట్టలన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. షెరీఫ్ కింద పనిచేసే హార్గిస్ దొర చొక్కాలు కూడా. మొగుడు సామిల్లులో దుంగ కింద పడి పోయాడు, పిల్లలు లేరు. రక్తసంబంధం అంటూ మిగిలింది తమ్ముడు ఈనాక్ ఒక్కడే. వాడూ అదే సామిల్లులో పని.

ఆ చలికాలం మా పేటలో ఎవరూ ఎవరినీ నమ్మలేదు. లూషస్ అనే కుర్రాడు కట్టెలు దించడానికి ఒక తెల్లవాళ్ళ ఇంటికి వెళ్ళి, వరండాలో ఉన్న వాళ్ళ అమ్మాయిని 'మిస్' అనకుండా ఉత్త పేరుతో పిలిచాడట. అది పొద్దుటి మాట. సాయంత్రానికి చెయ్యి పట్టుకున్నాడని అయింది. చీకటి పడేసరికి ఇంకా పెద్దదయింది. లూషస్ పారిపోయాడు. రాష్ట్రానికి పైకొసన రైల్లో నుంచి దింపి, తెల్లపిల్లల్ని చెరిచారన్న అబద్ధపు నేరం మోపి జైల్లో వేసిన తొమ్మిది మంది మా కుర్రాళ్ళ సంగతి అందరికీ తెలుసు కాబట్టి, ఎందుకు పారిపోయాడని ఎవరూ అడగలేదు. దొరికితే గుంపు చెట్టుకు ఉరేయకుండా జైలు దాకా చేరతాడన్న నమ్మకం లేదు. చేరినా, కోర్టులో తీర్పు చెప్పే పన్నెండు కుర్చీలూ వాళ్ళవే. మాకు పై బాల్కనీ. నేను కుర్చీలు అల్లేవాణ్ణి. ఆ పన్నెండింటిలో కొన్నింటికి ఓక్ బద్దలతో సీట్లు అల్లింది నేనే. వాటిలో మావాడు ఒక్కడు కూర్చోగా చూడలేదు.

లూషస్ ఎక్కడ దాక్కుంటే అక్కడికి హార్గిస్ దొర వచ్చేస్తున్నాడు. చర్చి అటక మీద ఉన్నాడని మాలో కొందరికే తెలుసు, మర్నాడే అటక వెతికారు. పిన్నమ్మ ఇంట్లో ఉంటే అక్కడికీ వెళ్ళారు. రెండుసార్లూ వాడు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. మాలోనే ఎవరో దొరకు కబురు మోస్తున్నారు.

జనవరి ఒకటిన ఇంటి గడప మొదట తొక్కేది మగవాడైతే ఆ ఏడు కలిసొస్తుందని మాకు ఇంకో పట్టింపు. మగదిక్కు లేని ఇళ్ళవాళ్ళు నన్ను పిలిచేవారు. ఆ పొద్దున అలా తిరుగుతూ ఓజెల్లా గుమ్మానికి వెళ్ళాను. కాగు కింద మంట భగభగ మండుతోంది. దండెం మీద హార్గిస్ దొర చొక్కాలు.

"రూబెన్ తమ్ముడూ, లోపలికి రాకు," అంది కట్టెతో బట్టలు తిప్పుతూనే.

"మొదటి అడుగు వేద్దామని వచ్చానక్కా."

"మొదటి అడుగు పడింది. మగాడే. వచ్చాడు, వెళ్ళాడు. నువ్వు డీకన్ గారింటికి పో, పండగ బొబ్బర్లు ఉడికుంటాయి."

ఒంటరి ఆడమనిషి ఇంటికి తెల్లారకుండా వచ్చిన మగాడు ఎవరు? దండెం మీది చొక్కాలు చూస్తే ఒకే పేరు తడుతుంది. తిరిగొస్తూ ఇంకొకటి చూశాను. ఓజెల్లా సబ్బు నీళ్ళు ఎప్పుడూ పెరటి కంచె అవతల గుంటలోనే పోస్తుంది, బాటలో చుక్క పడనివ్వదు. ఆ రోజు కొట్టు గది తలుపు నుంచి వాగు దాకా ఉన్న కాలిబాట మొత్తం తడి. ఘాటు ముక్కుకు కొడుతోంది.

మా చర్చి పెద్ద డీకన్ థాడియస్ ఇల్లు ఎదురుగానే. ఆయనా, నేనూ, లూషస్ తల్లి బ్యూలా వరండాలో కూర్చున్నాం. బ్యూలా పళ్ళెం ముట్టుకోలేదు. అంతలో కుక్కలు మొరిగాయి. హార్గిస్ దొర ఇద్దరు మనుషులతో నేరుగా ఓజెల్లా సందులోకే వచ్చాడు. కుక్కలు కొట్టు గది దాకా లాక్కెళ్ళి, తడి బాట మీద ముక్కు పెట్టి, తుమ్ముతూ వెనక్కి తిరిగాయి. ఒకటి మూతి మట్టిలో రాసుకుంది.

"ఏమే ఓజెల్లా, ఇవాళ మీవాళ్ళు నీళ్ళే ముట్టరుగా?"

"కోర్టు వారం కదా దొరా. అమ్మగారు చొక్కాలు తెల్లగా ఉండాలన్నారు. మాసిన చొక్కాతో మీరెళ్తే మాట పడేది నేను."

"మీ చావు పట్టింపు ఏమైంది మరి?"

"నాకు ఎవరున్నారు దొరా పోవడానికి?"

దొర ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత గట్టిగా నవ్వి, తన చొక్కా అంచు ఒకటి పట్టి చూసుకుని వెళ్ళిపోయాడు.

"చూశారా, ఎంత ముచ్చటగా మాట్లాడుకుంటున్నారో," అన్నాడు డీకన్.

"నా కొడుకును ఆవిడే అమ్మేసింది," అంది బ్యూలా.

తడి బాట సంగతి నా నోటి దాకా వచ్చింది. ఆ వరండాలో అన్న మాట ఏ చెవికి చేరుతుందో తెలియదు. డీకన్‌ను కూడా నమ్మలేను. బొబ్బర్లు తిని లేచాను.

ఆ ఆదివారం నుంచి చర్చిలో ఓజెల్లా బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. ఆడవాళ్ళు ఆమె సబ్బు కొనడం మానేశారు. ఈనాక్ పెళ్ళాం అందరి ఎదుటా, "నా మొగుణ్ణి ఉతికి పారబోసిందమ్మా, ఇక రంపం ఎప్పుడు లాక్కుంటుందో చూడాలి," అంది. ఓజెల్లా సామిల్లు వదిలే వేళకు రోజూ రోడ్డు మలుపులో బట్టల మూటతో నిలబడేది. ఈనాక్ నడుచుకుంటూ వస్తే చూసి, పలకరించకుండా ఇంటికి పోయేది.

పత్తి విత్తే రోజుల్లో రైలు పెట్టెల్లో పనిచేసే మావాడొకడు బ్యూలాకు కబురు తెచ్చాడు. లూషస్ ఉత్తరాన క్లీవ్‌లాండ్‌లో క్షేమంగా ఉన్నాడు. కొట్టు గదిలో దాచి, కుక్కలకు వాసన అందకుండా బాటంతా సబ్బు నీళ్ళు పోసి, వాగులో దింపి పంపింది ఓజెల్లా అత్త అని చెప్పమన్నాడు.

ఆ ఆదివారం బ్యూలా వెళ్ళి ఓజెల్లా పక్కన కూర్చుంది. ప్రార్థన అయ్యాక డీకన్ అడిగాడు, "సిస్టర్, మాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"ఎవరితో డీకన్ గారూ? కుక్కలు నా సందులోకి దారి తెలిసినట్టే వచ్చాయి. వాడు నా దగ్గరున్నాడని ఊహించగలిగిన వాళ్ళంతా ఈ బల్లల మీదే ఉన్నారు."

ఎవరూ పక్కవాడి వైపు తల తిప్పలేదు. ఆ కబురు మోసినవాడు ఎవరో నేటికీ తెలియదు.

బయటికొచ్చాక నేను అడిగాను, "ఆ పట్టింపు నువ్వు నమ్మవా అక్కా?"

"నమ్మకపోతే రోజూ ఆ మలుపులో ఎందుకు నిలబడతాను?" అంది. "కాగు కింద నిప్పు పెట్టేటప్పుడే ఈనాక్ మొహం కనిపించింది. కాని లూషస్ అప్పటికే నా గుమ్మంలో ఉన్నాడు."

ఆ ఏడంతా ఈనాక్ దగ్గినా ఆమె ఉలిక్కిపడేది. మళ్ళీ జనవరి ఒకటి వచ్చింది. ఓజెల్లా కాగు బోర్లించి ఉంది. ఆ పొద్దున ఆమె గడప మొదట తొక్కింది ఈనాక్. బొబ్బర్లు, పంది దవడ మాంసం వడ్డించి, వాడు చివరి గింజ తినేదాకా ఎదురుగా నిలబడి చూసింది.

"ఏంటక్కా అలా చూస్తావ్, విషం గానీ పెట్టావా?"

"తిను," అంది. తర్వాత కూర్చుని, తనకూ ఒక పళ్ళెం పెట్టుకుంది.