కాన్పుల లెక్క

పోర్ట్ బ్లెయిర్‌లో కొత్త మనిషి కనబడితే అడిగే ప్రశ్నలు రెండు. మెయిన్‌ల్యాండ్‌లో ఏ ఊరు? పిల్లలెందరు? మొదటిదానికి నా దగ్గర జవాబుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా మామగారు శ్రీకాకుళం సముద్రం చాలక, వేటకని ఓడెక్కి వచ్చి బాంబూఫ్లాట్‌లో పాక వేసుకున్నారు. రెండోదానికి మాత్రం నవ్వేదాన్ని. పంతులమ్మను కాబట్టి, "బడి నిండా పిల్లలే" అనేదాన్ని. విన్నవాళ్లు జాలిపడి, వెంటనే తమ మేనత్తకు పనిచేసిన వేరు ఒకటి చెప్పేవారు. చెప్పిన వేళ్లన్నీ తిని ఉంటే ఈపాటికి నేనొక చెట్టునై ఉండేదాన్ని.

మావారిది సర్కారు ఓడల మీద ఉద్యోగం కనుక మేం పోర్ట్ బ్లెయిర్ ఊళ్లోనే షాదీపూర్‌లో ఉండేవాళ్లం. మరిది ఫెర్రీ దాటితే వచ్చే బాంబూఫ్లాట్‌లోనే ఉండి వేట సాగించాడు. అతని భార్య, అంటే నా తోడికోడలు, నలుగురిని కన్నది. మూడోది ఆడపిల్ల. దానికి ఏడాది నిండకముందే నాలుగోవాడు కడుపున పడ్డాడు. తల్లికి పాలు ఎండిపోయాయి, పిల్ల చిక్కి శల్యమైంది. "నువ్వట్టుకెల్లిపో అప్పా" అంటూ ఫెర్రీ దగ్గర దాన్ని నా చేతిలో పెట్టింది. డబ్బా పాలు పట్టి, బడికి పంపి, పెళ్లి చేసి పంపేదాకా నేనే పెంచాను. అది నన్ను పెద్దమ్మా అని, ఆవిణ్ణి అమ్మా అని పిలిచేది. మా ఇంట్లో పూటకి అన్నం తప్పినా వరస తప్పదు.

కొత్త పడవను నీళ్లలోకి దించే రోజున ముందుగా బిడ్డల తల్లి దానికి పసుపు పూయాలి. ప్రతిసారీ నా తోడికోడలు పూసేది, నేను పళ్లెం పట్టుకునేదాన్ని. పళ్లెం పట్టుకోవడానికి కాన్పు అక్కర్లేదని మా పెద్దలు దయతో తీర్మానించారు. ఆ పిల్ల నా కొంగు పట్టుకునే నిలబడేది. అయినా నన్ను బిడ్డతల్లి అని ఒక్కరూ అనలేదు. నవ్వుతూనే పళ్లెం పట్టుకునేదాన్ని గానీ, లోపల చాలా బాధపడేదాన్ని.

యాభై దగ్గరపడుతుండగా ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో ఏదో గట్టిగా చేతికి తగిలింది. మళ్లీ తడిమితే లేదు. ఇంకోసారి తడిమితే ఉంది. తోడికోడలికి చెప్పాను, అంటే బాంబూఫ్లాట్ అంతటికీ చెప్పానన్నమాట. సాయంత్రానికల్లా జబ్బు తేలిపోయింది. బిడ్డ తాగని పాలు లోపల గడ్డకట్టాయట! అసలు రాని పాలు ఎలా గడ్డకడతాయని అడిగితే, నాలుగు ముక్కలు చదువుకున్నానని ఎదురు మాట్లాడుతున్నానన్నారు.

వద్దన్నా వినకుండా ఆసుపత్రికి తోడికోడలే తోడొచ్చింది. మెషీన్ గది ముందు నర్సు మమ్మల్ని కూర్చోబెట్టి మొదలుపెట్టింది.

"దీదీ, బచ్చే కిత్నే?"

పిల్లలెందరనేసరికి అలవాటు ప్రకారం నవ్వబోయాను. ఈలోగా మా తోడికోడలు అందుకుంది.

"ఒక్కర్తి. ఆడగుంట. పెల్లి కూడా సేసీసినాం."

పాలు పట్టారా అని అడిగింది నర్సు.

"ఎందుకు పట్టనేదు? డబ్బాలకి డబ్బాలు పట్టినాది!"

నేను ఆవిడ చెయ్యి గిల్లాను. విదిలించుకుంది. గొడ్రాలి తోడికోడలు అనిపించుకోవడం తనకూ నామోషీ కాబోలు, ఇద్దరి పరువూ కాపాడుతోందనుకున్నాను. పరాయివాళ్ల ముందు ఇంటిమనిషిని అబద్ధాలకోరు అనలేక ఊరుకున్నాను.

ఇక ఆ మెషీన్ వైభోగం వర్ణించడం నా వల్ల కాదు. రెండు పలకల మధ్య పెట్టి నొక్కి, కదలొద్దంటారు. అక్కడికేదో కదిలే వీలున్నట్టు.

పిక్చర్ చూసి డాక్టరమ్మ నుదురు చిట్లించింది. రొమ్ములో కొవ్వు నల్లగా కనబడుతుందట. పాలగ్రంథులూ, వాటిని పట్టి ఉంచే పీచూ తెల్లగా కనబడతాయట. ఖర్మ కొద్దీ గడ్డ కూడా తెల్లగానే ఉంటుందట. నాదంతా తెలుపే, చిక్కటి రొమ్ము. తెల్లగోడ మీద సుద్దముక్కతో రాసింది ఎవరు చదవగలరు?

కాన్పులయ్యాక మామూలుగా ఈ చిక్కదనం తగ్గుతుందని, చిన్నవయసులో కన్నవాళ్లకూ, ఎక్కువమందిని కన్నవాళ్లకూ ఇంకా తగ్గుతుందని హిందీలో చెప్పింది. "అందరికీ అలాగే జరగాలని లేదు. అయినా మీ కాన్పు సంగతి ఇంకోసారి చెప్పండి" అంది.

"కాలేదు. ఒక్కటి కూడా" అన్నాను.

డాక్టరమ్మ మమ్మల్ని కలిపి తిట్టింది. అసలు కననివాళ్లకు రొమ్ము కాన్సర్ ముప్పు కాస్త ఎక్కువట, అందుకే అడుగుతారట. అయితే కాన్పు అయినా కాకపోయినా నా పిక్చర్ తెలుపే కనుక అల్ట్రాసౌండ్ తప్పదంది. నాకు పిల్లల్లేరని విని జాలిపడకుండా, వేరు చెప్పకుండా, పని చూసుకున్న మొదటి మనిషి ఆవిడే.

అల్ట్రాసౌండ్‌లో గడ్డ దొరికింది. సూది పరీక్షలో కాన్సరని తేలింది. చిన్నదిగా ఉండగానే కోసి తీశారు. మందులెక్కించారు, జుట్టు ఊడింది, మళ్లీ మొలిచింది. డిగ్లీపూర్‌లో కాపురముంటున్న పిల్ల అంత దూరం బస్సులో వచ్చి నా వాంతులు ఎత్తింది. "మీ కూతురా?" అని వార్డులో ఎవరైనా అడిగితే, "మా మరిది కూతురు" అనేదాన్ని. వరస తప్పకూడదు కదా.

డాక్టరమ్మ మాటల్లో మా తోడికోడలు తనకు నచ్చిన ముక్క ఏరుకుంది. "నలుగుర్ని కన్నాను, నాకు సిక్కదనం నేదు. నాకేటవుద్ది?" అని ఊరంతా చెప్పుకుంది. బాంబూఫ్లాట్‌లో నలుగురేసి, అయిదుగురేసి పిల్లల తల్లులంతా మృత్యుంజయులైపోయారు. చిక్కదనం తక్కువైతే పిక్చర్ తేటగా కనబడుతుందే తప్ప జబ్బు రాదని కాదే తల్లీ అని నెత్తీ నోరూ బాదుకున్నాను. చివరికి బతిమాలీ, తిట్టీ ఫెర్రీ ఎక్కించి తీసుకెళ్లాను.

అదే గది, అదే నర్సు.

"దీదీ, బచ్చే కిత్నే?"

"ముగ్గురు."

నాకు ఒళ్లు మండింది. "నలుగురు కదే! మళ్లీ అబద్ధమా? ఈసారి డాక్టరమ్మ చంపుతుంది."

"అబద్దమేటి?" అని ఆవిడ నామీదికి లేచింది. "ఆ గుంటని నీకిచ్చీసినాను గదా. ఆ రోజు నీ నెక్కలోన సెప్పినాను. ఇప్పుడు మల్లా నా నెక్కలోన ఎలాగ సెప్తాను?"

నర్సు పెన్ను పట్టుకుని మా ఇద్దరి ముఖాలూ చూస్తోంది. పరువు కోసం బొంకిందనుకున్న మనిషి నిజమే చెప్పిందని అప్పటికి తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. కానీ డాక్టరమ్మకు కావలసింది ఆవిడ కన్న పిల్లల లెక్క. "నలుగురని రాసుకోండి, సిస్టర్" అన్నాను. ఎవరైనా నా లెక్కలో వేస్తే చాలని అన్నేళ్లు ఆశపడిన నా కూతుర్ని, వేశారని తెలిసిన ఆ నిమిషంలోనే, నా నోటితో నేనే తీసెయ్యాల్సి వచ్చింది.